గ్యాలరీలో శిల్పాలు, అసెంబ్లేజ్ పనుల ప్రదర్శన: ఎత్తిన రోజు నుంచి దింపిన రోజు వరకు

చిత్రాల ప్రదర్శనలు చాలాసార్లు ఏర్పాటు చేసినవారు కూడా శిల్పాల దగ్గరికి వచ్చేసరికి కొన్ని ప్రశ్నలు తప్పకుండా అడుగుతున్నారు: పీఠం ఎంత ఎత్తుండాలి, బరువైన రాతి పనిని పై అంతస్తుకు ఎలా చేర్చాలి, పాత సామాన్లను కూర్చి చేసిన పని, అంటే అసెంబ్లేజ్, ప్రదర్శన మధ్యలో ఊడిపోతే ఏం చేయాలి. గోడకు వేలాడే చిత్రాన్ని ప్రేక్షకుడు ఎదురుగా నిలబడి చూస్తాడు, శిల్పాన్ని మాత్రం చుట్టూ తిరిగి చూస్తాడు. కాబట్టి అతడు ఎటు నుంచి వస్తాడో, ఎక్కడ ఆగుతాడో, ఎటు తిరుగుతాడో ముందు తేల్చుకుని, పీఠమూ వెలుతురూ లేబులూ అన్నీ ఆ నడకను బట్టి నిర్ణయించుకోవాలి.

హైదరాబాదు మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ వంటి పెద్ద చోటైనా, బంజారాహిల్స్‌లోనో విశాఖలోనో ఉండే రెండు గదుల గ్యాలరీ అయినా కింద చెప్పే క్రమం మారదు. పది నుంచి ఇరవై పనులు, రెండు వారాల వ్యవధి ఉన్న ప్రదర్శనను దృష్టిలో పెట్టుకుని దీన్ని రాస్తున్నాను.

1. మొదట పనుల జాబితా, ఆ తరువాతే తేదీ

గ్యాలరీ తేదీలు ఖాయం చేసుకోకముందే ప్రతి పనికీ ఒక కాగితం తయారు చేయండి. శిల్పి నోటిమాటగా చెప్పిన కొలతలను నమ్ముకోకుండా టేపు పట్టి స్వయంగా కొలవండి. చేతులు, కొమ్మలు, తీగలు బయటికి పొడుచుకు వచ్చిన పనుల్లో పీఠం కొలత వేరు, పని మొత్తం ఆక్రమించే చోటు వేరు, రెండూ రాసుకోవాలి.

బరువు విషయంలో అంచనాలు తరచూ దారి తప్పుతాయి. ఒక ఘనపు అడుగు గ్రానైటు దాదాపు 75 కిలోలు, అంతే పరిమాణంలో ఇనుము 220 కిలోలు, కంచు 250 కిలోలు తూగుతాయి, టేకు మాత్రం 20 కిలోలకు లోపే ఉంటుంది. పోత పోసిన కంచు శిల్పం లోపల బోలుగా ఉంటుంది కాబట్టి దానికి ఈ లెక్క పనికిరాదు, తూచాల్సిందే. వంద కిలోల లోపు పనులకు పాత ఇనుము కొట్టులోని కాటా సరిపోతుంది. అంతకు మించినవాటికి వే బ్రిడ్జి మీద ఖాళీ బండిని ఒకసారి, పని ఎక్కించాక మరోసారి తూయించండి.

ఆకారం పెద్దదైనంత మాత్రాన బరువు ఎక్కువని అనుకోకూడదు. శిల్పి జి. రవీందర్ రెడ్డి చేసే భారీ స్త్రీ శిరస్సుల వంటి ఫైబర్‌గ్లాస్ పనులు, బోలుగా పోస్తే, అదే కొలతలో ఉన్న రాతి పనిలో చిన్న వంతు మాత్రమే తూగుతాయి. అటువంటి వాటి విషయంలో ఎత్తడం కన్నా ఎవరైనా తగిలినప్పుడు ఒరగకుండా చూడటమే కష్టం.

కాగితంలో ఉండాల్సినవి:
- పొడవు, వెడల్పు, ఎత్తు, పీఠాన్ని తాకే అడుగు భాగం కొలత
- తూచిన బరువు
- ఎన్ని భాగాలు, వాటిని బిగించే వరుస
- ఎక్కడ పట్టి ఎత్తాలి, ఎక్కడ పట్టకూడదు
- కరెంటు, నీరు, శబ్దం అవసరమా
- బీమాకు చెప్పే విలువ
- నాలుగు వైపుల నుంచి, పైనుంచి ఫోటోలు

2. దారి, తలుపు, నేల

బండి ఆగే చోటు నుంచి పని నిలిచే చోటు వరకు ఒకసారి నడుస్తూ ప్రతి ఇరుకునూ కొలవండి. తలుపు వెడల్పు అందరూ కొలుస్తారు. మెట్ల మలుపునూ, లిఫ్టు లోపలి ఎత్తునూ, వరండాలో వేలాడే ఫ్యానునూ, గడప ఎత్తునూ మాత్రం మరచిపోతారు. ప్యాకింగు పెట్టెతో కలిపి పని కొలత పెరుగుతుందని గుర్తుంచుకుని, తలుపు దగ్గర ఇరువైపులా కనీసం ఐదేసి సెంటీమీటర్ల ఖాళీ మిగిలేలా చూసుకోండి.

నేల మోయగల బరువు అంతకన్నా ముఖ్యం. మన దేశపు భవన నిర్మాణ ప్రమాణాల్లో ఇళ్ళ గదులకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల భారాన్ని, మ్యూజియాలూ ఆర్ట్ గ్యాలరీలకు సుమారు 400 కిలోల భారాన్ని లెక్కలోకి తీసుకుంటారు. నివాసంగా కట్టిన బంగళాను తరువాత గ్యాలరీగా మార్చి ఉంటే, పై అంతస్తుకు మొదటి లెక్కే వర్తిస్తుందని భావించడం క్షేమం.

300 కిలోల రాతి పని 30 సెంటీమీటర్ల చదరంగా ఉన్న అడుగు భాగం మీద నిలబడితే, ఆ కొద్ది చోట పడే ఒత్తిడి చదరపు మీటరుకు మూడు వేల కిలోలు దాటుతుంది. అదే పని కింద మీటరు చదరంలో వంగని ఉక్కు పలక గానీ, మందపాటి ప్లైవుడ్ వరుసలు గానీ వేస్తే భారం 300 కిలోలకు దిగుతుంది. స్లాబు మధ్యలో కాకుండా దూలాల మీదకో స్తంభాల పక్కకో జరిపితే ఇంకా మేలు. సందేహం ఉంటే స్ట్రక్చరల్ ఇంజనీరు చేత లిఖితపూర్వకంగా చెప్పించుకోండి. వీలైతే బరువైన పనులన్నీ కింది అంతస్తులోనే పెట్టండి.

3. అసెంబ్లేజ్ పనులకు ముందస్తు పరీక్ష

ఎర్రగడ్డ సంతలోనో జుమ్మెరాత్ బజారులోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో దొరికిన పాత వస్తువులను కూర్చి చేసిన పనిలో ప్రతి ముక్కకూ వేరే వయసు, వేరే జబ్బు ఉంటాయి. అందువల్ల ప్రదర్శనకు కనీసం నెల రోజుల ముందు ప్రతి పనినీ వెలుతురులో పెట్టి, ముక్కముక్కగా చూడాలి. ఈ దశలో పెట్టిన సమయం ఎక్కడా వృథా కాదని నా గట్టి అభిప్రాయం.

*కర్ర.* పాత గుమ్మం ముక్కను నల్ల కాగితం మీద నిలబెట్టి రబ్బరు సుత్తితో మెల్లగా తట్టండి. గుండుసూది తలంత రంధ్రాల నుంచి లేత పసుపు రంగు పొడి, జల్లించిన పిండిలా మెత్తగా రాలితే లోపల పుచ్చు పురుగు పని చేస్తున్నదని అర్థం. పాత రంధ్రాలైతే అంచులు నల్లబడి ఉంటాయి, పొడి రాలదు. అనుమానం ఉన్న పనిని పాలిథిన్ షీటులో గాలి చొరకుండా చుట్టి రెండు, మూడు వారాలు మిగతా పనులకు దూరంగా ఉంచి, అడుగున కొత్త పొడి చేరిందేమో చూడండి. చిన్న ముక్కలను అలాగే చుట్టిన స్థితిలో మైనస్ 20 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో వారం రోజులు ఉంచితే పురుగూ గుడ్లూ నశిస్తాయి. బయటికి తీశాక గది వేడికి పూర్తిగా వచ్చేవరకు కవరు విప్పకూడదు, విప్పితే చల్లని కర్ర మీద తేమ పడుతుంది. రంగు వేసిన, జిగురు పట్టిన, గాజు కలిసిన ముక్కలకు ఈ పద్ధతి వాడకండి.

*ఇనుము.* తుప్పును అలాగే చూపించాలని శిల్పి కోరితే, ఊడిపోయే పెళ్ళలను మెత్తటి బ్రష్షుతో తీసేసి, మైక్రోక్రిస్టలైన్ మైనం పలుచగా రాసి, ఆరాక బట్టతో రుద్దండి. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్ళలో ఉప్పుగాలి ఉంటుంది కాబట్టి ఈ పని తప్పనిసరి. పూత వేయని ఇనుమునూ ఇత్తడినీ ఉత్త చేతులతో ముట్టుకుంటే చెమటలోని ఉప్పు వల్ల వేలిముద్రలు కొద్ది రోజుల్లో మచ్చలై తేలతాయి. నైట్రైల్ గ్లవుజులు వాడండి. నూలు గ్లవుజులు నునుపైన లోహం మీద జారతాయి.

*అతుకులు.* ఇక్కడే ఎక్కువ ప్రమాదాలు జరుగుతాయి. గ్లూ గన్ జిగురు స్టూడియోలో ఎంత గట్టిగా కనిపించినా, మే నెలలో మూసి ఉన్న డీసీఎం వ్యాను లోపలి వేడికి మెత్తబడుతుంది. బరువు మోసే ప్రతి అతుకులోనూ జిగురుతో పాటు బోల్టో, రివెట్టో, తీగ కట్టో ఉండాలి. పని కదిలేదైతే, లోపల మోటారు ఉంటే, మామూలు నట్టు అదురుకు వదులవుతుంది కాబట్టి లోపల నైలాన్ ఉండే లాక్ నట్టు బిగించండి. ప్రతి ముక్కనూ రెండు వేళ్ళతో పట్టి అతి మెల్లగా కదిపి చూడండి. పాత కుట్టుమిషను చక్రం ఒక వెంట్రుకవాసి ఆడినా, ఆ అతుకు దగ్గర చిన్న కాగితపు చీటీ అంటించి శిల్పికి చూపించండి.

*ప్రమాదకరమైనవి.* పాత రేడియోల్లో, టీవీల్లో ఉండే కెపాసిటర్లు, ఉబ్బిన బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు, పాత సిమెంటు రేకుల ముక్కలు, పెచ్చులూడుతున్న పాత రంగు: వీటిలో తీయగలిగినవి తీయించండి, మిగతావాటిని గాజు పెట్టెలో ఉంచండి. పిల్లల ఎత్తులో పదునైన అంచు ఉంటే ఆకురాయితో రుద్దించండి.

*చట్టం దృష్టిలో జాగ్రత్త పడాల్సినవి.* పాత ఇళ్ళ నుంచి వచ్చే సామాన్లలో జింక కొమ్ములు, దంతపు ముక్కలు, తాబేటి చిప్ప కలిసి ఉండవచ్చు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వీటి అమ్మకాన్ని అడ్డుకుంటుంది. అదే ఏడాది వచ్చిన పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన శిల్పం, చెక్కడం పురావస్తువు అవుతుంది. లైసెన్సు లేకుండా దాని వ్యాపారం కుదరదు, దేశం దాటించడమూ కుదరదు. గుడి నుంచో పాత ఇంటి నుంచో వచ్చిన చెక్కడపు ముక్క పనిలో ఉంటే, అది ఎక్కడిదో శిల్పి నుంచి రాతపూర్వకంగా తీసుకోండి.

మరమ్మతు అవసరమని తేలినా, శిల్పి లిఖితపూర్వక అనుమతి లేనిదే చేయి వేయకండి. 1957 కాపీరైట్ చట్టంలోని 57వ సెక్షను, పని అమ్ముడైన తరువాత కూడా దాన్ని వికృతం చేయకుండా అడ్డుకునే హక్కు కర్తకు ఇస్తుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లోని తన కంచు కుడ్యశిల్పాన్ని తొలగించి పాడుచేశారని శిల్పి అమర్‌నాథ్ సెహగల్ వేసిన వ్యాజ్యంలో 2005లో ఢిల్లీ హైకోర్టు, మిగిలిన భాగాలను ఆయనకు తిరిగి ఇవ్వాలనీ 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలనీ తీర్పు చెప్పింది.

4. నేల మీద గీసి చూడటం

కంప్యూటరులో గీసిన ప్లాను చాలదు. గ్యాలరీ ఖాళీగా దొరికిన పూట మాస్కింగ్ టేపుతో ప్రతి పని అడుగునూ నేల మీద గీయండి, దాని ఎత్తుకు సరిపడే అట్టపెట్టెలు నిలబెట్టండి, ఆ తరువాత ముగ్గురు నలుగురిని ఒకేసారి నడిపించండి. ఎవరైనా వెనక్కి అడుగు వేసి పని మొత్తాన్ని చూడాలనుకున్నప్పుడు వెనుక ఉన్న పనికి తగులుతున్నారంటే, ఆ రెంటిలో ఒకదాన్ని జరపాలి.

- చక్రాల కుర్చీ పోవడానికి దారి కనీసం 90 సెంటీమీటర్లు, మలుపుల దగ్గర 150 సెంటీమీటర్లు
- పనిని వెనక్కి జరిగి చూడటానికి, దాని ఎత్తుకు తక్కువ కాని దూరం
- ముట్టుకోకూడని పని చుట్టూ నేల మీద గీత, 45 నుంచి 60 సెంటీమీటర్ల దూరంలో
- అత్యవసర ద్వారమూ, అగ్నిమాపక సిలిండరూ కనిపించేలా ఖాళీ

గదిలోకి అడుగుపెట్టగానే అన్ని పనులూ ఒకేసారి కనిపించేలా పెట్టడం చాలామంది చేసే తప్పు. మొదటి చూపుకు ఒకటి లేదా రెండు పనులు చాలు. ఇరుకైందని తోస్తే పీఠాలు చిన్నవి చేయడం కన్నా ఒక పనిని మానుకోవడమే ఉత్తమం. శిల్పికి ఆ మాట చెప్పడం కష్టమే అయినా, టేపు గీతల మధ్య ఆయననే నడిపిస్తే మీరు ఒప్పించాల్సిన పని ఉండదు.

5. పీఠాలు

చిన్న పనుల పీఠం 90 నుంచి 110 సెంటీమీటర్ల మధ్య ఉంటే చాలావరకు సరిపోతుంది. పనిలో చూడవలసిన ముఖ్య భాగం నేల నుంచి సుమారు 150 సెంటీమీటర్ల దగ్గరికి రావాలన్నది సాధారణ కొలత. పైనుంచి చూడాల్సిన పనికీ, కుర్చీలోంచి చూసేవారికీ, పిల్లలకూ అది పనికిరాదు కాబట్టి కొన్నింటిని కావాలనే తగ్గించండి. మనిషెత్తు దాటిన వాటికి అరచేతి మందం పలక చాలు.

18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో చేయించి, లోపల అడ్డ పట్టీలు కొట్టించి, పైన పని బిగించాక అడుగున ఇసుక బస్తాలు వేయించండి. పెట్టిన ప్రతి పీఠం మీదా రసమట్టం (స్పిరిట్ లెవెల్) ఉంచి చూడాలి. పాత భవనాల్లో నేల వాలు కంటికి ఆనకపోయినా సన్నని పని నిలువు తప్పినట్టు వెంటనే కనిపిస్తుంది. అడుగున పలుచని రబ్బరు ముక్కలతో సరిచేయండి, మడిచిన కాగితం పెట్టవద్దు.

6. ప్యాకింగు, రవాణా

సున్నితమైన ఉపరితలానికి బబుల్ ర్యాపు నేరుగా తాకితే ఎండ వేడికి బుడగల గుర్తులు పడతాయి. ముందు ఆమ్లరహిత కాగితమో ఉతికిన మెత్తటి నూలు బట్టో చుట్టి, దాని మీద ఫోము, ఆపై బబుల్ ర్యాపు వాడాలి. విడదీయగల భాగాలన్నీ విడదీసి సంఖ్యలు వేసి, బోల్టులను అదే సంఖ్య రాసిన కవర్లో ఉంచండి.

హమాలీ మేస్త్రిని ముందు రోజే స్టూడియోకు పిలిపించి పనిని చూపించండి. ఎక్కడ పట్టాలో ఆయనకు తెలిస్తే సగం భారం తగ్గినట్టే. చేతులు, మెడ, పొడుచుకు వచ్చిన భాగాలకు బెల్టు వేయకూడదు. దాదాపు 150 కిలోలు దాటినవాటికి మనుషుల బలం మీద ఆధారపడకుండా చైన్ బ్లాకు, ప్యాలెట్ ట్రాలీ వాడండి. విదేశాల్లోని తెలుగువారి వేదికలకు పంపేటప్పుడు చెక్క పెట్టెకు వేడి శుద్ధి ముద్ర ఉండాలి, లేకపోతే రేవులోనే ఆపేస్తారు.

సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద తీసుకునే పత్రం) గురించి మీ అకౌంటెంటుతో మాట్లాడండి. అమ్మకానికి కాక ప్రదర్శనకే తీసుకెళుతున్నట్టు డెలివరీ చలానాలో స్పష్టంగా రాయించండి. బీమా స్టూడియోలో పని ఎత్తిన క్షణం నుంచి తిరిగి అక్కడే దించేవరకు, ఎత్తడం దించడంతో సహా వర్తించాలి. చాలా పాలసీల్లో గ్యాలరీలో ఉన్న రోజులు మాత్రమే ఉంటాయి కాబట్టి షరతులు చదివే సంతకం చేయండి.

7. అమరిక రోజు క్రమం

1. నేల, గోడలు శుభ్రం చేసి, రంగు పూర్తిగా ఆరాకే మొదలుపెట్టాలి.
2. అన్నిటికన్నా లోపలి గదిలో నిలిచే బరువైన పనిని ముందు చేర్చాలి.
3. వేలాడే పనులను, కింద ఏమీ పెట్టకముందే కట్టాలి. కొక్కెం స్లాబులోకి దిగాలి, ఫాల్స్ సీలింగుకు తగిలించకూడదు. పని బరువుకు కనీసం ఐదు రెట్లు మోయగల తీగతో పాటు, విడిగా మరో రక్షణ తీగ ఉండాలి.
4. పీఠాలు, తరువాత మధ్యస్థ పనులు, ఆఖరున చిన్నవీ పెళుసైనవీ.
5. కరెంటు వాడే పనులకు విడి ప్లగ్గు, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపే స్విచ్చి), గంటల తరబడి నడిపి చూడటం.
6. వెలుతురు, ఆ పిమ్మట లేబుళ్ళు.

దించిన ప్రతి పనినీ మొదటి ఫోటోతో పోల్చి, కొత్త గీత ఉంటే అప్పుడే రాసి, బండివారి సంతకం తీసుకోండి.

8. వెలుతురు

ఎదురుగా ఒకే దీపం వేస్తే శిల్పం చదునైపోతుంది. నడినెత్తి మీద వేస్తే ముఖంలో కళ్ళ చోట చీకటి గుంతలు పడతాయి. పక్కగా పైనుంచి 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఒక ముఖ్య దీపం, ఎదుటి వైపు నుంచి దానిలో సగానికన్నా తక్కువ బలంతో మరొకటి వేసి మొదలుపెట్టండి. ఆ తరువాత దీపం కాంతిని మార్చుతూ పని చుట్టూ నడవండి. ప్రేక్షకుడు తిరుగుతాడు కాబట్టి ఏదో ఒక చోట దీపం సూటిగా కళ్ళలో కొడుతుంది. అక్కడ దీపాన్ని నిటారుగా తిప్పడమో, తేనెపట్టు జాలీ తగిలించడమో చేయాలి.

రాయికీ లోహానికీ 300 లక్స్ (వెలుతురు కొలత) వరకు హాని లేదు, కర్రకూ రంగుకూ 150 నుంచి 200, కాగితం, బట్ట, ఈకలు కలిసిన పనికి 50 లక్స్ మించకూడదు. ఒకే అసెంబ్లేజ్‌లో ఇనుమూ పాత ఉత్తరాలూ కలిసి ఉంటే, అన్నిటికన్నా సున్నితమైన వస్తువుకు తగ్గ వెలుతురే మొత్తానికీ వర్తిస్తుంది. కాంతి రంగు 3000 కెల్విన్, రంగులను ఉన్నవున్నట్టు చూపే కొలత అయిన సీఆర్‌ఐ 90 దాటిన ఎల్‌ఈడీలు తీసుకోండి.

9. లేబుళ్ళు

తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పేరు, సంవత్సరం, వాడిన వస్తువులు, కొలతలు ఉండాలి. అసెంబ్లేజ్ విషయంలో ‘మిశ్రమ మాధ్యమం’ అని వదిలేయకుండా వస్తువులను పేరుపేరునా రాయండి. ‘సైకిల్ చైను, ఇత్తడి గొళ్ళెం, టేకు, పత్తి దారం’ అని చదివినవారు మళ్ళీ పని దగ్గరికి వెళ్ళి వెతుక్కుంటారు. లేబులును పీఠం మీద కాక పక్క గోడకు, శిల్పపు నీడ పడని చోట అంటించండి.

10. ప్రదర్శన రోజుల్లో ఎదురయ్యే ఇబ్బందులు, సవరణలు

- పీఠం ఊగుతోంది: పనిని దించి, ఇసుక పెంచి, రసమట్టం చూసి మళ్ళీ ఎక్కించాలి. పని పైన ఉండగా పీఠాన్ని జరపకూడదు.
- ముక్క ఊడింది: ఊడిన చోటును ఫోటో తీసి, పొడితో సహా కవర్లో భద్రపరచి, శిల్పికి ఫోను చేయాలి. ఫెవిక్విక్ తో అంటించవద్దు. అది సరైన మరమ్మతును కూడా కష్టం చేస్తుంది.
- అందరూ ముట్టుకుంటున్నారు: బోర్డు పెద్దది చేయడం కన్నా, అదే వస్తువుల నమూనా ముక్క ఒకటి పక్కన బల్ల మీద ముట్టుకోవడానికి ఉంచితే మంచి ఫలితం ఉంటుంది. చూపులేనివారికి అది ఎంతో అవసరం కూడా.
- వాన రోజుల్లో తేమ పెరిగింది: ఏసీని రాత్రి పూట ఆపి పగలు వేయడం వల్ల కర్ర సాగి ముడుచుకుంటుంది. తేమను ఒకే స్థాయిలో ఉంచడం ముఖ్యం. 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిది.

దుమ్ము దులపడానికి పొడి మెత్తటి బ్రష్షు తప్ప తడిగుడ్డ వాడవద్దని శుభ్రం చేసేవారికి మొదటి రోజే దగ్గరుండి చూపించండి.

11. దింపుడు

చివరి రోజు సాయంత్రమే హడావుడిగా మొదలుపెట్టకుండా మరునాటి ఉదయం ఎక్కించేలా గ్యాలరీతో ముందే ఒప్పందం చేసుకోండి. అమరికకు తిరగవేసిన వరుసలో, చిన్నవీ పెళుసైనవీ ముందు తీయాలి, బరువైనవి ఆఖరున. వచ్చిన పెట్టెల్లోనే, అవే సంఖ్యలతో సర్దాలి.

- ప్రతి పనినీ మొదటి ఫోటోలతో పోల్చిన కాగితం, ఇరువైపులా సంతకాలు
- బోల్టుల కవర్ల లెక్క
- అమ్ముడైన పనికి రసీదు, శిల్పి ఇచ్చిన నిర్వహణ సూచనలు
- గోడలకూ స్లాబుకూ వేసిన రంధ్రాల పూడ్పు

స్టూడియోలో దించాక పెట్టెలు ఆ రోజే విప్పి చూడండి. దెబ్బ కనిపిస్తే ప్యాకింగు పారేయకుండా ఫోటోలు తీసి, పాలసీలో చెప్పిన గడువు లోపల బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయాలి.